కర్నూలు డబ్బా

మా వంటింట్లో పై అరలో ఒక స్టీలు డబ్బా ఉంది. రెండు కేజీల కందిపప్పు పడుతుంది. బోర్లిస్తే అడుగున చుక్కలు చుక్కలుగా చెక్కిన తెలుగు అక్షరాలుంటాయి. ముందు ఒక ముస్లిం ఆవిడ పేరు, దాని కింద ‘కర్నూలు’, ఆ కింద 1979. ఆవిడ నాకు తెలిసిన ఒకామెకి అత్తగారు. ఎవరి పేర్లూ ఇక్కడ రాయను. డబ్బా మా ఇంటికి 2001 సెప్టెంబరు మొదటి వారంలో చెనక్కాయల పొడితో వచ్చింది. ఒట్టి డబ్బా తిరిగి ఇవ్వకూడదు కదా, ఏదన్నా చేసి అందులో పోసి ఇద్దామని పక్కన పెట్టాను. ఇంతవరకూ ఇవ్వలేదు.

మాది తెనాలి. పెళ్ళయ్యాక 1999లో న్యూజెర్సీ వచ్చాను. మా ఆయనది హెచ్‌వన్ వీసా, నాది హెచ్‌ఫోర్. అంటే అప్పట్లో నేను ఉద్యోగం చేయకూడదు, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, ఇంట్లో కూర్చోవాలి. జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర పాత ఇటుక బిల్డింగులో మూడో అంతస్తు మాది. హడ్సన్ నదికి ఇవతల అద్దెలు కొంచెం తక్కువ, పాత్ రైలెక్కితే ఇరవై నిమిషాల్లో మాన్‌హట్టన్. అందుకని మనవాళ్ళంతా అక్కడే దిగేవాళ్ళు. నడిచి వెళ్ళేంత దూరంలో న్యూవార్క్ ఎవెన్యూ మీద కరివేపాకు, గోంగూర, బొరుగులు అన్నీ దొరికేవి.

మా పై అంతస్తులో కర్నూలు అక్క వాళ్ళు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఇద్దరు మగపిల్లలు. ఇంట్లో ఉర్దూ, నాతో రాయలసీమ తెలుగు. నేను కడుపుతో ఉన్నప్పుడు ఆమే ఉగ్గాని చేసి పైనుంచి పంపేది. పాప పుట్టాక మా అమ్మకి వీసా రాలేదు. పాపకి తలంటు పోయడం నాకు నేర్పింది ఆమే. వాళ్ళాయన కూడా మా ఆయనలాగే హెచ్‌వన్ మీద వచ్చిన ప్రోగ్రామరు. 2001 వేసవికి ముందే డాట్‌కామ్ కంపెనీలు కూలడం మొదలైంది కదా, అతని కన్సల్టింగ్ కంపెనీ బెంచి మీద కూర్చోబెట్టి, తర్వాత మూతపడింది. ఇంకో స్పాన్సరు దొరకలేదు. స్టేటస్ పోయింది. రాత్రిళ్ళు ఒక గ్యాస్ స్టేషన్లో నిలబడేవాడు. మా ఆయనకీ అతనికీ ఒక్క కాగితం తేడా.

సెప్టెంబరు 11, ఆ మంగళవారం ఆకాశం ఎంత నీలంగా ఉందో చూసినవాళ్ళంతా చెప్తారు. నేను కూడా అదే చెప్తున్నాను. మా ఆయన ఏడున్నరకే వెళ్ళిపోయాడు. పాత్ రైలు వరల్డ్ ట్రేడ్ సెంటర్ కిందే ఆగుతుంది. అక్కడ పొడవాటి ఎస్కలేటర్లు ఎక్కి పైకొచ్చి, బ్రాడ్ స్ట్రీట్‌లో ఆఫీసుకి నడిచేవాడు. తొమ్మిది కాకముందే అక్క కిందికి పరుగెత్తుకొచ్చి తలుపు కొట్టింది. టీవీ పెట్టమంది. పెట్టాను. తర్వాత ఎవరు ముందు అన్నారో తెలీదు, పిల్లల్ని ఎత్తుకుని బిల్డింగు పైకప్పు మీదికి వెళ్ళాం.

మేమున్నది గుట్ట మీద. నది, దానవతల రెండు టవర్లు తిన్నగా కనిపించేవి. ఒకదాన్లోంచి పొగ. మేము చూస్తుండగానే 9:03కి రెండోదానికీ విమానం తగిలింది. నాకు అది తగిలినట్టు అనిపించలేదు. లోపలినుంచి ఏదో పేలి బయటికొచ్చినట్టు అనిపించింది. పైకప్పు మీద పదిహేను ఇరవై మందిమి ఉన్నాం. ఈజిప్టువాళ్ళు, ఫిలిప్పీన్సువాళ్ళు, ప్యూర్టోరికో ముసలాయన ఒకడు, మేము. 9:59కి దక్షిణపు టవరు కూలినప్పుడు ఎవరూ అరవలేదు. చప్పుడు మాదాకా ఆలస్యంగా వచ్చింది. నేను మోకాళ్ళ మీద కూలబడ్డాను. పాప జారిపోతుంటే అక్క పట్టుకుంది. ఆమె చంకలో ఒకవైపు తన చిన్నోడు, ఇంకోవైపు నా కూతురు. ‘వచ్చేస్తాడులేమ్మా, వచ్చేస్తాడు’ అంటూనే ఉంది. సాయంత్రం దాకా అదే మాట.

ఫోన్లు కలవలేదు. తెనాలిలో అప్పుడు చీకటి పడుతోంది, వాళ్ళూ టీవీ ముందే ఉన్నారు. మా నాన్న ఆ రాత్రి ఎన్నిసార్లు డయల్ చేశాడో తర్వాత అమ్మ చెప్పింది, నూటిరవై దాకా లెక్కపెట్టి మానేసిందట.

మా ఆయన ఐదున్నరకి వచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయి ఉన్నాడు. వాన లేదు కదా అని నాకు పిచ్చి సందేహం వచ్చింది. ఆ రోజు చిన్నా పెద్దా పడవలన్నీ కలిసి దాదాపు 5 లక్షల మందిని మాన్‌హట్టన్ దాటించాయి. మా ఆయన ఎక్కిన పడవ హొబోకెన్‌లో దించింది. అక్కడ దిగినవాళ్ళ మీద ఏం దుమ్ము పడిందో తెలీదని గొట్టాలతో నీళ్ళు కొట్టి కడిగి పంపారు. హొబోకెన్ నుంచి ఆ తడి బట్టలతోనే గుట్టెక్కి నడిచొచ్చాడు. బూట్లు గుమ్మం బయట విప్పాడు. లోపల బూడిద సిమెంటులా గట్టిపడి ఉంది. ఏం చూశావని అడిగితే ‘కాగితాలు’ అన్నాడు. ఆకాశంలోంచి ఆఫీసు కాగితాలు రాలుతూనే ఉన్నాయట. ఇరవై ఏళ్ళ పైన అయింది. ఇంకేమీ చెప్పలేదు. నేను అడగడం మానేశాను.

ఆ రోజు చనిపోయినవాళ్ళు 2,977 మంది. న్యూజెర్సీవాళ్ళే సుమారు 750. అందులో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. రైలు స్టేషన్ పార్కింగులో కొన్ని కార్లు రోజుల తరబడి కదల్లేదు. శిథిలాల్లో మంటలు డిసెంబరు దాకా ఆరలేదు. గాలి మా వైపు తిరిగిన రోజుల్లో కిటికీలు మూసినా వాసన వచ్చేది. కాలిన వైరులా, ఇంకా ఏదోలా. ఆ ‘ఇంకా ఏదో’ గురించి మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు.

మర్నాడే, సెప్టెంబరు 12న, టెక్సస్‌లో ఆమ్‌ట్రాక్ రైల్లోంచి ఇద్దర్ని దించి పట్టుకున్నారు. హైదరాబాద్ మనుషులు, జెర్సీ సిటీలో ఉంటారు, న్యూవార్క్‌లో పేపర్ల దుకాణంలో పనిచేసేవాళ్ళు. విమానాలు ఆపేయడంతో రైలెక్కారు. వాళ్ళ దగ్గర బాక్స్ కట్టర్లు దొరికాయి. పేపర్ల కట్టలు కోసుకునేవాళ్ళ దగ్గర అవి ఉండక మరేముంటాయి? కానీ హైజాకర్లు వాడినవీ అవేనని చెప్పుకుంటున్న రోజులు. నెలల తరబడి బ్రూక్లిన్‌లో ఒంటరి గదుల్లో పెట్టి, చివరికి దాడితో సంబంధం లేదని తేల్చి, క్రెడిట్ కార్డు మోసం కేసులో శిక్ష వేసి, దేశం నుంచి పంపేశారు. ఇదంతా తర్వాతి సంగతి. ఆ సెప్టెంబరులో మాత్రం టీవీలో ‘హైదరాబాద్’, ‘జెర్సీ సిటీ’ అన్న రెండు మాటలు పక్కపక్కన వినపడేసరికి మా బిల్డింగులో తెలుగు గొంతులన్నీ తగ్గిపోయాయి.

మనవాళ్ళ తెలివితేటలు ఆ పదిహేను రోజుల్లో చూడాలి. కార్లన్నిటికీ జెండాలు. మామూలుగా స్టిక్కరు బొట్టు పెట్టుకునే నేను కుంకుమ పెద్దది పెట్టడం మొదలుపెట్టాను. ఒక స్నేహితుడు గడ్డం గీయించుకుని, మెళ్ళో రుద్రాక్ష బయటికి వేసుకుని తిరిగాడు. ‘మేము వాళ్ళం కాదు’ అని చెప్పడానికి ఇంత సరంజామా. సెప్టెంబరు 15న ఆరిజోనాలోని మేసాలో పెట్రోలు బంకు ముందు పూలమొక్కలు సర్దుకుంటున్న బల్బీర్ సింగ్ సోధీని తలపాగా చూసి కాల్చేశారు. అక్టోబరు 4న టెక్సస్‌లోని మెస్కీట్‌లో వాసుదేవ్ పటేల్‌ని, తన దుకాణంలోనే. ఆయన గుజరాతీ హిందువు. కాల్చినవాడు రుద్రాక్ష ఉందా లేదా అని చూడలేదు.

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం ఇద్దరు ఫెడరల్ అధికారులు మా తలుపు కొట్టారు. ఒక మగ, ఒక ఆడ. చాలా మర్యాదగా మాట్లాడారు, అది చెప్పాలి. కార్డులు చూపించారు, కూర్చుంటామని అడిగి కూర్చున్నారు. మా పాస్‌పోర్టులు చూశారు, చాలా సేపు మాత్రం కాదు. వాళ్ళొచ్చింది పైవాళ్ళ గురించి. ఎవరెవరు వస్తుంటారు, అతను రాత్రిళ్ళు ఎక్కడికెళ్తాడు, మసీదు ఏది, మీకు ఎంత పరిచయం?

‘మెట్ల మీద కనపడితే హలో అంటాం, అంతే’ అన్నాడు మా ఆయన.

ఆ మాట అన్నప్పుడు చెనక్కాయల పొడి డబ్బా వంటింటి గట్టు మీదే ఉంది. నిలబెట్టే ఉంది, అడుగున రాసింది కనపడదు. కనపడినా తెలుగు చదవగల అధికారులు కారు. అయినా నేను నీళ్ళు తెచ్చే వంకన లేచి వెళ్ళి, దాన్ని తీసి సింకు కింద అరలో, చెత్త సంచుల వెనక పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. నా చేతులే పెట్టాయి.

అక్టోబరు 7, ఆదివారం, అఫ్ఘానిస్తాన్ మీద బాంబులు మొదలయ్యాయి. ‘గ్లోబల్ వార్ ఆన్ టెర్రర్’ అని పేరు పెట్టారు. ఆ తర్వాతి వారంలో తెల్లవారుజామున పై అంతస్తులో అడుగుల చప్పుడు, పిల్లాడి ఏడుపు. అతన్ని తీసుకెళ్ళారు. ఉగ్రవాదం కేసేమీ కాదు, వీసా గడువు దాటి ఉన్నందుకు. మా ఆయన చెప్పిన ఆ ఒక్క ముక్క వల్ల తీసుకెళ్ళారని నేను అనుకోను. ఏమీ చెప్పకపోయినా తీసుకెళ్ళేవాళ్ళు. కానీ ‘బాగా తెలుసు, మంచి మనిషి, నా కూతురికి తలంటింది వాళ్ళావిడే’ అని చెప్పడానికి ఒక అవకాశం మా సోఫాలో వచ్చి కూర్చుంది. మేం దానికి మంచినీళ్ళిచ్చి పంపించేశాం.

అలా వలస నిబంధనల కింద 762 మందిని పట్టి ఉంచారని 2003లో న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికలో వచ్చింది. దాడితో సంబంధం లేదని ఎఫ్‌బీఐ తేల్చేదాకా వదలకూడదన్నది పద్ధతి. ఆ తేల్చడానికి సగటున 80 రోజులు పట్టిందని అందులోనే ఉంది. 80 రోజులు అని చదివినప్పుడు నాకు అంకె కనపడలేదు. పై అంతస్తులో రాత్రి రెండింటికి కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది. ఆమెకి నిద్ర పట్టేది కాదు, గిన్నెలు తోముతూ ఉండేది.

నవంబరులో మా ఆయన ఉద్యోగం పోయింది. బ్రాడ్ స్ట్రీట్ ఆఫీసు కాంట్రాక్టర్లందర్నీ ఒకేసారి తీసేసింది. కన్సల్టింగ్ కంపెనీ బెంచి మీద పెట్టింది, జీతం లేదు. ఇప్పుడైతే ఉద్యోగం పోయిన హెచ్‌వన్ వాళ్ళకి 60 రోజుల గడువుంది. అది 2017లో వచ్చింది. అప్పుడు ఒక్కరోజు కూడా లేదు. పే స్టబ్బు లేకపోతే స్టేటస్ లేనట్టే. కొందరు తమ డబ్బే కంపెనీకి కట్టి, అదే జీతంగా తిరిగి తీసుకుని, పే స్టబ్బు పుట్టించుకునేవాళ్ళు. కార్లు ఎయిర్‌పోర్టులో వదిలేసి తాళంచెవి స్నేహితుడికి పోస్టు చేసి వెళ్ళిపోయినవాళ్ళ కథలు రోజూ వినేవాళ్ళం. సూట్‌కేసులు మంచం కిందనుంచి తీసి హాల్లో పెట్టుకున్నాం.

అదే సమయంలో ఆంత్రాక్స్ భయం. ఆ విషపు ఉత్తరాలు పోస్టయింది మా రాష్ట్రం నుంచే, ట్రెంటన్ ముద్రతో. హామిల్టన్‌లో పెద్ద పోస్టల్ కేంద్రాన్ని మూసేశారు. టపా రోజుల తరబడి ఆగింది. మా ఆయన హెచ్‌వన్ పొడిగింపు కాగితం ఆ టపాలోనే రావాలి. రోజూ మధ్యాహ్నం కింద డబ్బాలోంచి ఉత్తరాలు తెచ్చి, బ్రెడ్డు సంచి చేతికి తొడుక్కుని, ఊపిరి బిగబట్టి బాల్కనీలో చింపేదాన్ని. ఆ ఉత్తరంలో విషం ఉంటుందేమోనని భయం, ఆ ఉత్తరం రాదేమోనని అంతకంటే భయం.

డిసెంబరు మొదట్లో ఒక గురువారం అక్క కిందికి వచ్చింది. అప్పటికి నెల పైగా నేను ఆమె గుమ్మం తొక్కలేదు. రెండుసార్లు మాత్రం రాత్రి అన్నం, పప్పు తీసుకెళ్ళి తలుపు ముందు పెట్టి వచ్చాను, అదీ ప్లాస్టిక్ డబ్బాల్లో. రంజాన్ ఉపవాసంలో ఉంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. లోపలికి రాలేదు. శనివారం జైల్లో చూడనిస్తారట. కారులో అరగంట దూరం. బస్సులో అయితే రెండు మారాలి, పిల్లలతో, ఆ చలిలో.

‘రోంత దింపుతారా? వచ్చేటప్పుడు మేం బస్సులో వస్తాం’ అంది.

మా ఆయన నా వైపు చూశాడు. జైలు గేటు దగ్గర మన కారు నంబరు రాసుకుంటారు. స్టేటస్ అసలే వెంట్రుకకి వేలాడుతోంది. ఇవన్నీ ఆ చూపులో ఉన్నాయి. మాట మాత్రం నేనే అన్నాను.

‘కారు బ్యాటరీ పోయిందక్కా.’

‘అట్లనా’ అంది. పాప బుగ్గ తట్టి వెళ్ళింది.

ఆడిన అబద్ధాన్ని నిలబెట్టుకోవాలి కదా. శనివారం, ఆదివారం కారు కదిలించలేదు. పాలు అయిపోతే మా ఆయన ఆ చలిలో నడిచి వెళ్ళి తెచ్చాడు. కానీ మా వీధిలో సోమవారం పొద్దున ఊడ్చే బండి వస్తుంది, ఒకవైపు కార్లన్నీ అవతలికి మార్చాలి, లేకపోతే జరిమానా. జీతం లేని నెలలో జరిమానా కట్టలేం. చీకటి విడకముందే ఆరింటికి మా ఆయన దిగి కారు స్టార్ట్ చేశాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మొదటిసారికే అందుకుంది. అప్పుడే అక్క చెత్త సంచి పట్టుకుని గేటు దగ్గరకొచ్చింది. హెడ్‌లైట్లు సూటిగా ఆమె మీద పడ్డాయి. చేయి అడ్డం పెట్టుకుంది. కారు పక్కనుంచి నడిచి వెళ్ళి, సంచి పెట్టాల్సిన చోట పెట్టి, మళ్ళీ కారు పక్కనుంచే నడిచి లోపలికి వచ్చింది. మా ఆయన ఇంజను ఆపడం మర్చిపోయి ఎంతసేపు కూర్చున్నాడో.

ఫిబ్రవరిలో అతన్ని జైలునుంచి నేరుగా విమానం ఎక్కించేశారు. వారంలో ఆమె సామాను అమ్ముకుంది. గ్రైండరు, కుట్టుమిషను, పిల్లల సైకిలు ఎవరెవరో కొనుక్కెళ్ళారు. వెళ్ళే రోజు మా ఇంటికి వచ్చి పాపని ఎత్తుకుంది. డబ్బా సింకు కిందే ఉంది. అందులో ఏమీ పోయలేదు కాబట్టి బయటికి తీయలేదు. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ నెలలోనే మా ఆయనకి పిస్కాటవేలో ప్రాజెక్టు దొరికింది. మేం నిలబడ్డాం.

తర్వాత యుద్ధం ఎక్కడో దూరాన నడిచింది, మా ఇంట్లో కాగితాల మీద నడిచింది. 2002 చివరి నుంచి 25 దేశాల మగవాళ్ళు వచ్చి వేలిముద్రలిచ్చి పేరు రాయించుకోవాలన్నారు. ఉత్తర కొరియా ఒక్కటి తప్ప అన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. ఇండియా లేదు. మనవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. ఎనభై వేల మందికి పైగా పోయి రాయించుకుంటే, అందులో 13 వేల మందికి పైగా డిపోర్టేషన్ నోటీసులు. చట్టాన్ని గౌరవించి వరసలో నిలబడినవాళ్ళకి దక్కింది అది. మా బిల్డింగులో ఉన్న పాకిస్తానీ కుటుంబం ఒకటి మంచు కురుస్తున్న రాత్రి కెనడా వైపు కారెక్కింది.

2003 ఫిబ్రవరిలో ఇళ్ళలో ప్లాస్టిక్ షీట్లు, డక్ట్ టేపు దగ్గర పెట్టుకోమని ప్రభుత్వం చెప్పింది, విషవాయువు వస్తే కిటికీలు మూసుకోవడానికి. దుకాణాల్లో టేపు అయిపోయింది. మేమూ మూడు చుట్టలు కొన్నాం. ఆ టేపుతో తర్వాత పదేళ్ళు ఇండియాకి వెళ్ళే అట్టపెట్టెలు కట్టాం. మార్చిలో ఇరాక్ మీదికి వెళ్ళారు.

2004 జూలైలో వీసా ముద్ర దేశంలోపలే పొడిగించుకునే సదుపాయం తీసేశారు. ఇక మనవాళ్ళు ఎవరైనా ఇండియా వెళ్తే చెన్నైలో వేయించుకోవాల్సిందే. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఇంకా లేదు, అది 2008లో వచ్చింది. చెన్నైలో ఎవరికో పచ్చ చీటీ ఇచ్చి నాలుగు నెలలు ఆపారు, ఇంకెవరికో ఉద్యోగమే పోయింది, ఇవీ వారాంతపు కబుర్లు. మా గ్రీన్‌కార్డు ఫైలు లేబర్ వాళ్ళ బ్యాక్‌లాగ్ సెంటర్లో పడి ఉంది. 2005 ఫిబ్రవరిలో మా నాన్న పోయాడు. నేను వెళ్ళలేదు. వెళ్తే తిరిగి రాగలనో లేదో, పాప ఇక్కడ. ఫోను కార్డు మీద నిమిషాలు లెక్కపెట్టుకుంటూ, రిసీవరు చెవికి ఆనించుకుని, తెనాలిలో మా ఇంటి వాకిట్లో జరుగుతున్నదంతా విన్నాను. బ్రాహ్మడి మంత్రం, ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, అమ్మ. తర్వాత ‘మీకు ఒక నిమిషం మిగిలి ఉంది’ అని కార్డులోని ఆడగొంతు.

2007 జూలైలో గ్రీన్‌కార్డు వరసలో అందరి తేదీలూ ఒక్కసారి కరెంటు అయినప్పుడు మేమూ దరఖాస్తు వేశాం. పనిచేసే కార్డు వచ్చాక నేను స్కూల్లో సహాయకురాలిగా చేరాను. 2008లో న్యూజెర్సీ నేషనల్ గార్డ్‌వాళ్ళు దాదాపు 3,000 మంది ఇరాక్ వెళ్ళారు. మా స్కూలు పిల్లల చేత వాళ్ళకి ఉత్తరాలు రాయించాం. ఆ రోజు పైకప్పు మీద మాతో నిలబడిన ప్యూర్టోరికో ముసలాయన మనవడూ వెళ్ళాడు. తిరిగొచ్చాడు. వచ్చాక జూలై 4న బాణసంచా కాలుస్తుంటే బేస్‌మెంటులో వాషింగ్ మెషీన్ల మధ్య కూర్చునేవాడు. ఎవరన్నా బట్టలు వేయడానికి వెళ్తే ‘సారీ మేడమ్’ అని జరిగేవాడు. మా పాప హైస్కూల్లో చేరినప్పుడు ఒక ఫారం వచ్చింది, పిల్లల ఫోన్ నంబర్లు సైన్యం రిక్రూటర్లకి ఇవ్వద్దనుకుంటే సంతకం చేయమని. ఎక్కడైనా సంతకానికి ముందు మూడుసార్లు చదివే నేను దాని మీద చదవకుండానే చేశాను.

2021 ఆగస్టు 30న అమెరికా సైన్యం చివరి విమానం కాబూల్ నుంచి లేచింది. బ్రౌన్ యూనివర్సిటీవాళ్ళు ఇరవై ఏళ్ళ లెక్క కట్టారు. అఫ్ఘానిస్తాన్, ఇరాక్, చుట్టుపక్కలా కలిపి యుద్ధంలో నేరుగా చనిపోయినవాళ్ళే దాదాపు 9 లక్షలు, అందులో అమెరికా సైనికులు దాదాపు 7,000. ఖర్చు 8 లక్షల కోట్ల డాలర్లు. అక్కణ్ణుంచి తెచ్చిన అఫ్ఘాన్ కుటుంబాల్ని మా రాష్ట్రంలో మెక్‌గైర్-డిక్స్-లేక్‌హర్స్ట్ సైనిక స్థావరంలో పెట్టారు, వేలమందిని. మా అమ్మాయి అప్పటికి కాలేజీ ఆఖరి ఏడు. స్నేహితులతో కలిసి వాళ్ళకి బట్టలు, పాత్రలు పోగుచేస్తూ మా వంటింటి మీద పడింది. పై అర దులిపి కర్నూలు డబ్బా దించింది.

‘ఇది ఇచ్చేద్దామా మమ్మీ? నువ్వు వాడవుగా.’

‘అది మనది కాదు, ఇవ్వడానికి’ అన్నాను. బోర్లించి చూసింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. పేరు చదివింది, ఎవరని అడిగింది. అప్పుడు చెప్పాను, బ్యాటరీతో సహా. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఆమె ఇప్పుడెక్కడ?’ అంది.

అది తెలుసు నాకు. నాలుగేళ్ళ ముందే తెలిసింది.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో ఒక బార్‌లో కూర్చున్న శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపారు. 32 ఏళ్ళ ఇంజనీరు. పక్కనున్న స్నేహితుడూ గాయపడ్డాడు, అతనూ తెలుగువాడే. అడ్డుపడబోయిన అమెరికన్ కుర్రాడు ఇయాన్ గ్రిల్లట్‌కీ తూటా తగిలింది. కాల్చినవాడు ముందు వచ్చి వీసా ఏమిటని అడిగాడు, తర్వాత తుపాకీతో తిరిగొచ్చాడు. వాళ్ళు ఇరానీయులనుకున్నాడు. ఆ వారమంతా వాట్సాప్‌లో, బయట తెలుగులో మాట్లాడకండి, ఎవరితోనూ వాదించకండి అని మనవాళ్ళ సలహాలు. పదహారేళ్ళ కిందటి బొట్టూ, జెండా నాకు గుర్తొచ్చాయి.

శనివారం పొద్దున ఇండియా నంబరు నుంచి ఫోను. ఎవరో అనుకుని ఎత్తాను.

‘నేనమ్మా. కర్నూలు అక్కని.’

మా నంబరు తెనాలిలో మా పిన్ని కూతురి దాకా వెతుక్కుంటూ పోయి సంపాదించిందట. రెండు రోజులు పట్టిందట. మా ఆయన ఎలా ఉన్నాడని అడిగింది. ‘టీవీలో చూపిస్తాంటే గుండె ఆగిపోయింది. మీ ఆయన గూడా అట్లనే పొడుగ్గా ఉంటాడు గదా. బయట తిరగొద్దని చెప్పు కొన్నాళ్ళు’ అంది. వాళ్ళాయన కర్నూల్లో కంప్యూటర్ సెంటరు నడిపి, నాలుగేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడట. పెద్దోడు బెంగళూరులో ఉద్యోగం. చిన్నోడు అమెరికా మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడట. అన్నీ ఆమే చెప్పింది. నేను ఏడుస్తున్నాను, మాట పెగల్లేదు.

‘అక్కా, ఆ రోజు కారు...’ అన్నాను.

వినపడలేదో, వినపడనట్టు ఊరుకుందో. ‘మా అత్త డబ్బా నీకాడ ఉండాదా?’ అంది.

‘ఉందక్కా.’

‘వాడుకుంటాండావా?’

లేదని చెప్పలేకపోయాను. ఊఁ అన్నాను.

‘దాని మూత బిగుసుకుంటాది. గుంజొద్దు, వంగిపోతాది. రోంతసేపు వేన్నీళ్ళలో పెట్టి తియ్యి’ అంది.